నిండు ఏడు రోజుల నోటీసు

మా ఊరి పఠన మందిరానికి నేను ఆరేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. పఠన మందిరం అన్నది రిజిస్ట్రేషన్ కాగితం మీది పేరు. ఊళ్లో అందరూ దాన్ని పేపర్ల రూము అనేవాళ్లు. రెండు బెంచీలు, ఒక బల్ల, మూడు చెక్క బీరువాలు, రోడ్డు వైపు ఒక అరుగు. అటూ ఇటూ మరమగ్గాల షెడ్లు. ఆ టకటకల మధ్య చదవడం అలవాటైనవాడికి నిశ్శబ్దంలో పుస్తకం ముందుకు సాగదు. కష్టమైన పుస్తకం చేతికొస్తే నేను ఇప్పటికీ మగ్గం నడిచే చోటు వెతుక్కుంటాను.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా ఆ బీరువాల్లోంచి వచ్చింది. మొదటి బీరువాలో నవలలు, రెండో దానిలో పురాణాలు, మూడో దానిలో ఎవరూ ముట్టనివి: ఖగోళం, హోమియో వైద్యం, తేనెటీగల పెంపకం, సగం అట్ట పోయిన ప్రపంచ చరిత్ర. అందరూ మొదటి బీరువా దగ్గర గుమిగూడితే నేను మూడో దాని దగ్గర నిలబడేవాణ్ణి. మా ఊళ్లో తేనెటీగల పెట్టె ఒక్కటి కూడా లేదు. అయినా రాణి ఈగ సంగతులు అడిగితే చెప్పగలిగిన నేతగాడు జిల్లా మొత్తంలో నేనొక్కడినే అని నా నమ్మకం. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్పేవాణ్ణి.

ఆ మూడో బీరువా అడుగు అరలో ఒకసారి పలుచని పుస్తకం ఒకటి దొరికింది. మా సంఘం నియమావళి. సంఘం పెట్టినవాళ్లు ఇంకేదో ఊరి సంఘం నియమావళి తెచ్చి, పేరు మార్చి అచ్చు వేయించారు. పదకొండో పేజీలో ఆ ఊరి పేరు మారకుండా అలాగే ఉండిపోయింది. చివరి పేజీలో తొమ్మిది మంది స్థాపకుల సంతకాలు ఉన్నాయి. వాళ్లలో ఒక్కరూ అది చదవలేదని పదకొండో పేజీయే సాక్ష్యం. నేను మాత్రం మూడుసార్లు చదివాను. కార్యవర్గాన్ని అత్యవసరంగా ఎట్లా సమావేశపరచాలో, పదవిలో ఉన్నవాణ్ణి ఎట్లా తొలగించాలో అందులో వివరంగా ఉంది. తొలగించాలంటే ప్రత్యేక సమావేశం పెట్టాలి. దానికి కార్యదర్శి పేరుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసులో విషయం స్పష్టంగా ఉండాలి. సభ్యులందరికీ, తొలగించబోయే మనిషితో సహా, నిండు ఏడు రోజుల ముందు ముట్టాలి. ముట్టిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. ఆ మనిషి చెప్పుకునేది వినాలి. హాజరైనవారిలో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తాలి. ఆ నియమం చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అది నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

మా అధ్యక్షుడు నూలు వ్యాపారి. అందరూ సావుకారి అని పిలిచేవాళ్లు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఆయనే అధ్యక్షుడు. పేపర్ల రూములో ఆయన ఫోటో ఉండేది కానీ ఆయన ఎన్నడూ పేపరు చదవగా నేను చూడలేదు. కార్యవర్గంలో తొమ్మిది మందిమి. అందులో నలుగురు ఆయన మగ్గాల మీద నేసేవాళ్లు. ఏ తీర్మానం వచ్చినా ఆ నలుగురి చేతులు ఆయన చేతి వెనకాలే లేచేవి. ఉపాధ్యక్షుడు రిటైరైన తెలుగు సారు, మెత్తని మనిషి. ఇంకొకాయన చౌరస్తాలో చాయ్ హోటలు నడిపేవాడు. మిగిలిన ఒక సభ్యుడు బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు పోయి నాలుగేళ్లయింది. అతని పేరు జాబితాలోంచి తీసేయాలని ఎవరికీ తోచలేదు. నేను నేసేది వేరే ఆసామి షెడ్డులో. నా ధైర్యం ఎక్కడిదని అడిగితే మొదట ఆ సంగతి చెప్పాలి, ఆ తర్వాత పుస్తకాల సంగతి.

గొడవ పెండ్లి విడిది దగ్గర మొదలైంది. మా ఊళ్లో తలుపూ కప్పూ ఉన్న ఏ గదైనా పెండ్లిండ్ల కాలంలో విడిది అయిపోతుంది. బడి, పాల కేంద్రం, ఒకసారి పశువుల దవాఖాన కూడా అయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు పేపర్ల రూమును ఒక మగపెండ్లివారికి ఇచ్చాము. నేనే తాళం తీసి ఇచ్చాను. వాళ్లు పోయినంక చూస్తే, భూగోళం పుస్తకంలో ఆఫ్రికా ఖండం నిండా పూరీల నూనె ఉంది. వారపత్రికలు చేతులు తుడుచుకోవడానికి పోయాయి. ప్రపంచ చరిత్ర ఎవరి తల కిందనో దిండుగా నలిగి మిగిలిన సగం అట్ట కూడా వదులుకుంది. అప్పుడే నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇంకెవరికీ విడిదికి ఇచ్చేది లేదని.

ఈసారి అడిగింది సావుకారి. ఆయన మేనకోడలి పెండ్లి. మగపెండ్లివాళ్లు గోదావరి అవతల ఖానాపూర్ నుంచి వస్తున్నారట. నేను ఇవ్వనన్నాను. పఠన మందిరం ఆశయాల్లో విడిది లేదని నియమావళి రెండో పేజీ తెరిచి చూపించాను. ఆయన ఆ పేజీ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. లేచిపోయాడు.

మూడో రోజు మా ఇంటావిడ వాకిట్లో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నేను షెడ్డు నుంచి రాగానే కబురు చెప్పింది. మా కుల పంచాయతీ కూర్చోవాలంటే ఒక ముసలాయన ఇంటింటికీ తిరిగి చెప్పే ఆచారం ఉంది. ఆయన ఏ గడప వదిలి పోయాడో ఆ గడపదే పంచాయతీ అని ఊరందరికీ అర్థమైపోతుంది. తప్పు చేసినవాణ్ణి ముందుగా పిలవరు. పెద్దలంతా కూర్చుని, మాట్లాడుకుని, తీర్పు ఖాయం చేసుకున్నాక పట్టుకరమ్మని పంపిస్తారు.

"మనింటి ముంగట్నుంచే పోయిండు. నన్ను జూసి తల దించుకున్నడు," అంది ఆమె. "ఇయ్యాల పంచాయతి నీదే."

మేము ఏ తప్పూ చేయలేదే అన్నాను. నువ్వు చేయకుంటే పేపర్ల రూము చేసి ఉంటుంది అంది. ఆమె చెప్పింది నిజమైంది. పొద్దూకాక ఆ ముసలాయనే వచ్చి, పెద్దమనుషులు సావుకారి గోదాములో కూసున్నారు, నన్ను రమ్మంటున్నారని చెప్పాడు. నేను అంగీ మార్చుకుని, నియమావళి చేతపట్టుకుని పోయాను.

ఊళ్లో ఉన్న కార్యవర్గం వాళ్లంతా నూలు బేళ్ల మీద కూర్చున్నారు. నాకు కూర్చోమని బేలు చూపించలేదు. నలుగురు నేతగాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకుని, నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారని, తాళం చెవి సావుకారికి ఇచ్చి పొమ్మని చెప్పాడు. ఈ సమావేశానికి నోటీసు ఎవరు ఇచ్చారని నేను అడిగాను. ముసలాయన తిరిగి చెప్పాడు కదా అన్నారు. నాకు చెప్పలేదే అన్నాను. ఆ మాటకు వాళ్లు నిజంగా ఆశ్చర్యపోయారు. వాళ్ల ముఖాల్లో మోసం లేదు. అదే నన్ను ఎక్కువ నవ్వించింది.

"నీకెట్ల జెప్తరు?" అన్నాడు పెద్దాయన. "పంచాయతి నీ మీదనాయె. తప్పు జేసినోనికి ముందుగాల కబురు వెడ్తే వాడు వారం రోజులు జవాబులు కూడబెట్టుకోడా?"

నిండు ఏడు రోజులు అందుకోసమే పెట్టారని చెప్పి, నేను నియమం చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం చదివి, ఆగి, వాళ్ల వైపు చూసి, మళ్లీ చదివాను. సారు తల వంచుకుని కూర్చున్నాడు. చివరి పేజీలో స్థాపకుల సంతకాలు కూడా చదివాను. అందులో సారు సంతకం మూడోది, సావుకారిది మొదటిది. ఈ తీర్మానం చెల్లదు, నన్ను ఇట్లా తీసేస్తే కరీంనగర్‌లో రిజిస్ట్రారు ఆఫీసుకు కాగితం రాస్తాను అన్నాను. కాగితం అనే మాట పనిచేసింది. మా ఊళ్లో దేవుడికి భయపడనివాళ్లు ఉన్నారు కానీ జిల్లా ఆఫీసు నుంచి వచ్చే గోధుమరంగు కవరుకు భయపడనివాడు లేడు. సమావేశం జరగలేదని, అందరూ ఊరికే చాయ్ తాగడానికి కూడారని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నారు. చాయ్ మాత్రం రాలేదు.

వారం తిరగకముందే నోటీసు వచ్చింది. రాసింది సారు. మంచి దస్తూరి. "మహాశయా" అని మొదలై, శుభాకాంక్షలతో నడిచి, "మన కార్యదర్శిగారు సల్పిన సేవలను గూర్చి ముచ్చటించుకొనుటకై" అని విషయం రాసి, "తప్పక విచ్చేసి సభను జయప్రదం చేయగోరుచున్నాము" అని ముగిసింది. అది చదివితే ఎవరైనా నాకు శాలువా కప్పబోతున్నారు అనుకుంటారు. హోటలాయన అట్లాగే అనుకుని నాకు శుభాకాంక్షలు చెప్పాడు. సారు ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాసరచన నేర్పిన మనిషి. ఒకరిని తీసిపారేయడం అనే మాట కాగితం మీద పెట్టడానికి ఆయన కలం ఒప్పుకోలేదు. మొహమాటం మా దగ్గర కత్తి కన్నా ముందు బయటికొస్తుంది. కోసేటప్పుడు కూడా అడ్డం తొలగదు.

నేను అప్పుడు చేసిన పని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం పండగలా అనిపించింది. ఎర్ర సిరా కలం తీసుకుని ఆ నోటీసు దిద్దాను. విషయం స్పష్టంగా లేదు. సమావేశం చోటు లేదు. కార్యదర్శి సంతకం లేదు. అయిదు రోజులే గడువు ఉంది, అందులోనూ ముట్టిన రోజు లెక్కపెట్టారు. భీవండిలో ఉన్న సభ్యుడికి పంపలేదు. అయిదు తప్పులకూ అంకెలు వేసి, కింద నా సంతకం చేసి, సారు ఇంటికి తిప్పి పంపాను. మార్కులు వేయలేదు, అదొక్కటే తక్కువ.

ఆ కాగితం సంగతి చాయ్ హోటల్లో నేనే చెప్పాను. నా జీవితంలో నా చుట్టూ జనం గుమిగూడి విన్నది ఆ నాలుగు రోజులే. నిండు రోజులు అంటే ఏమిటో, సోమవారం ముట్టిన నోటీసుకు వచ్చే వారం మంగళవారానికి ముందు సమావేశం ఎందుకు పెట్టకూడదో బల్ల మీద నీళ్లతో గీతలు గీసి చెప్పేవాణ్ణి. విన్నవాళ్లలో ఒకాయన, పడుగు లెక్కలోనూ అంతే, రెండు అంచులూ తీసేసే బట్ట కొలుస్తారు అన్నాడు. నేను మెచ్చుకున్నాను. సావుకారిని చూసి జనం నవ్వు ఆపుకుంటున్నారని హోటలాయన చెప్పాడు. నాకు తేనెటీగల పుస్తకం చదివినప్పటి కంటే ఎక్కువ సంతోషం కలిగింది. నవ్వు ఆపుకున్న ముఖాలను సావుకారి కూడా చూస్తున్నాడన్నది నాకు తట్టలేదు.

ఒక సాయంత్రం ఆయన పేపర్ల రూముకు వచ్చాడు. తన ఫోటో కింద ఉన్న బెంచీ మీద, చదువరులు కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ బెంచీ మీద ఆయన కూర్చోవడం అదే మొదలు. అటూ ఇటూ చూసి, పుస్తకాలు ఎన్ని ఉన్నాయని అడిగాడు. చెప్పాను. అన్నీ నువ్వు చదివావా అన్నాడు. సుమారుగా అన్నాను.

"తమ్మీ, నేను సదువుకోనోన్ని," అన్నాడు మెల్లగా. "సారు రాస్తె తప్పులన్నవు. నా మనుషులకు అయితలేదు. నోటీసు కార్యదర్శే ఇయ్యాలని నువ్వే సదివి ఇనిపిస్తివి. మరి నువ్వే రాయి. నీ అసుంటి సదువరి ఊర్లె ఇంకోడు యాడున్నడు?"

నేను వెంటనే కాదనలేదు. కాదనడానికి నియమం వెతికాను, దొరకలేదు. అధ్యక్షుడు కోరితే ప్రత్యేక సమావేశానికి కార్యదర్శి నోటీసు ఇచ్చి తీరాలి. తన విషయమైతే ఇవ్వనక్కర్లేదని ఎక్కడా లేదు. అది ఒక కారణం. ఆ రాత ఎట్లా ఉండాలో అప్పటికే నా తలలో వాక్యాలు కట్టుకుంటున్నాయి. అసలు కారణం అది. ఊళ్లో రెండుసార్లు ప్రయత్నించి చెడగొట్టిన పనిని చేసి చూపించమని అడిగితే ఏ పనివాడు వద్దంటాడు?

ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. "ప్రస్తుత కార్యదర్శిని ఆ పదవి నుండి తొలగించు విషయమును చర్చించి నిర్ణయించుటకు" అని ఒకే వాక్యం. నియమం సంఖ్య, తేదీ, వేళ, చోటు. నోటీసులో లేని విషయమేదీ ఈ సమావేశంలో చర్చకు రాదని కూడా నియమం ప్రకారం చేర్చాను. తొమ్మిది శుభ్రమైన ప్రతులు రాసి, తొమ్మిదింటి కిందా సంతకం చేశాను. ఇప్పటికీ అంత మంచి వచనం నేను ఇంకోటి రాయలేదని చెప్పగలను.

మరునాడు ఇంటింటికీ తిరిగి ఇచ్చి, రిజిస్టరులో "ముట్టింది" అని సంతకాలు తీసుకున్నాను. నాకు నేను ఒక ప్రతి ఇచ్చుకుని నేనూ సంతకం పెట్టాను. మా ఇంటావిడ పక్కన నిలబడి చూసింది.

"సచ్చినోని దినాలకు ఇంకోలు పిలుస్తరు," అంది. "నువ్వు బతికుండి నీ దినాలకు నువ్వే పిలుస్తున్నవ్."

సారు తన ప్రతి తీసుకుని రెండుసార్లు చదివాడు. ఎర్ర సిరా సంగతి ఆయన ఎత్తలేదు. తలుపు దగ్గరగా వేసి, భీవండి ఆయనకు పంపావా అని అడిగాడు. ఇంకా లేదు, రేపు పోస్టులో వేస్తాను అన్నాను. పంపకు అన్నాడు. ఎందుకో విడమరచి చెప్పాడు. సావుకారి, ఆయన నలుగురూ కలిస్తే అయిదు చేతులు. నువ్వూ నేనూ హోటలాయనా ముగ్గురం. ఎనిమిది మందిలో అయిదు చేతులు మూడింట రెండు వంతులు కావు. ఒకవేళ ఎట్లాగో నెగ్గినా, ఒక సభ్యుడికి నోటీసు ముట్టలేదు కాబట్టి తీర్మానం చెల్లదు. ఆ ఒక్క కవరు నీ జేబులో ఉంటే చాలు, తాళం చెవి నీ దగ్గరే ఉంటుంది.

లెక్క నాకు ముందే తెలుసు. కానీ నా నోటీసులో తప్పు పెట్టమని ఒకరు నన్ను అడగడం నాకు మింగుడు పడలేదు. అయిదు తప్పులు దిద్ది పంపినవాణ్ణి, అందులో అయిదోదే నేను చేయాలా? పైగా భీవండి ఆయన మీద నాకు ఆశ ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు మొదటి బీరువా మొత్తం ఖాళీ చేసిన మనిషి అతను. వారపత్రికలో సీరియల్ భాగం కోసం శుక్రవారం నా కన్నా ముందు అరుగు మీదికి వచ్చి నిలబడేవాడు. అతను వస్తే నా వైపే అనుకున్నాను. కవరు మీద చిరునామా రాసి, రిజిస్టర్డ్ పోస్టు చేశాను. ఉత్తరం పోయేందుకు, నిండు ఏడు రోజులకు, ఇంకా పైన రెండు రోజులు కలిపి సమావేశం తేదీ పెట్టాను కాబట్టి గడువు సరిపోయింది. తిరుగు రసీదు మీద అతని సంతకం కూడా వచ్చింది. దాన్ని రిజిస్టరులో అంటించాను.

భీవండిలో మగ్గం నేసే మనిషికి ఊరి నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే దాని అర్థం ఏమిటో నేను ఆలోచించలేదు. మామూలు కబుర్లు కార్డు మీద వస్తాయి. సంతకం పెట్టించుకుని ఇచ్చే కవరంటే కోర్టు సంగతి, లేకపోతే భూమి సంగతి, లేకపోతే అంతకన్నా చెడ్డది. లోపల నోటీసు చదివినా అతనికి అనుమానం తీరలేదట. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద కవరు పంపరు, ఇందులో ఇంకేదో ఉంది, తన పేరు ఎక్కడో ఇరుక్కుంది అనుకున్నాడు. రెండు రైళ్లు, ఒక బస్సు మారి, సమావేశం రోజు పొద్దున ఊళ్లో దిగాడు. ముందు ఇంటికి పోయి తన బాపు బతికే ఉన్నాడని చూసుకుని, తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఇంతేనా అన్నాడు. ఇంతే అన్నాను. ఈమధ్య ఏం చదువుతున్నావని అడిగాను. భీవండిలో కన్ను మూసుకుపోయేదాకా మగ్గమే అన్నాడు.

సమావేశం మధ్యాహ్నం పేపర్ల రూములో మొదలైంది. తొమ్మిది మంది తొమ్మిది మందీ వచ్చారు. సంఘం చరిత్రలో అట్లా వచ్చింది అదొక్కసారే. ఆ రోజుల్లో మాకు కరెంటు వేళలు ఉండేవి. పొద్దున పోయిన కరెంటు మూడు గంటలకు గానీ రాదు. అందుకే నేను రెండు గంటల వేళ పెట్టాను, అందరికీ తీరిక ఉంటుందని. నా వివరణ నాలుగు పేజీలు రాసుకున్నాను. గ్రంథాలయాలు మనిషికి ఏం చేస్తాయన్నది మొదటి పేజీ. రెండో పేజీలో గ్రీకు దేశం ఉంది. మూడో పేజీలో విడిది సంగతికి వస్తాను.

గ్రీకు దేశంలో ఉండగా కరెంటు వచ్చింది. ఆ రోజు అరగంట ముందు వచ్చింది. నాలుగు వైపులా మగ్గాలు ఒక్కసారి అందుకున్నాయి. నా గొంతు నాకే వినిపించలేదు. నలుగురు నేతగాళ్లు తలుపు వైపు చూశారు. ఆ గంటలు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. నాకు తెలుసు, నేనూ నేసేవాణ్ణే. తొందరగా కానియ్యమన్నట్టు సావుకారి చేయి ఎత్తాడు. ఆయన వెనక నాలుగు చేతులు లేచాయి. అయిదు. సారు చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. హోటలాయన చేతులు కట్టుకున్నాడు. భీవండి ఆయన అందరి వైపూ చూశాడు, నా వైపు కూడా చూశాడు. తర్వాత చేయి ఎత్తాడు.

ఎందుకని నేను అడిగాను. అట్లా అడగకూడదని నియమం ఉంది, అయినా అడిగాను.

"గింత దూరం వచ్చిన అన్నా," అన్నాడు. "ఉత్తగనె కూసోని ఎట్ల పోవాలె? మా తమ్ముడు సావుకారి మగ్గాల మీదనే ఉన్నడు. మళ్ల నువ్వు పంపిన కవరుకు రెండు రోజులు అన్నం దినలే నేను."

తొమ్మిది మందిలో ఆరు. మూడింట రెండు వంతులు, చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేనే మినిట్సు పుస్తకంలో రాశాను. తీర్మానం నెగ్గినదని రాసి, కింద తేదీ వేశాను. లోపల ఉన్నది ఏడుపో కోపమో తెలియలేదు. సావుకారి కొత్త కార్యదర్శిగా తన అల్లుడి పేరు చెప్పబోయాడు. నోటీసులో ఆ విషయం లేదు, ఈ సమావేశంలో ఎన్నుకోవడానికి వీల్లేదు అన్నాను. నేను ముందుచూపుతో అట్లా రాశానని ఊళ్లో తర్వాత చాలా మంది అనుకున్నారు. వాళ్లు అనుకుంటే నేను కాదనలేదు. నిజానికి ఆ విషయం చేర్చాలని నాకు తట్టనేలేదు. నన్ను తీసేశాక ఇంకొకరు ఉంటారన్న ఊహ నా బుర్రలోకి రాలేదు.

"నువ్విగ కార్యదర్శివి కావు గదా," అన్నాడు సావుకారి. "రూల్ జెప్పుడేంది?"

సారు చిన్న గొంతుతో రూలు రూలే కదా అన్నాడు. నలుగురు నేతగాళ్లు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. నేను తాళం చెవి బల్ల మీద పెట్టాను. సావుకారి దాన్ని అంగీ జేబులో వేసుకున్నాడు.

పెండ్లి జరిగింది. ఖానాపూర్ వాళ్లు పేపర్ల రూములో దిగారు. మాకు కూడా బొట్టు పెట్టి పిలుపు వచ్చింది. మా ఇంటావిడ పోయి తిని వచ్చింది. నేను పోలేదు. పెండ్లి తర్వాత గదికి తాళం పడింది. తెరవడానికి కార్యదర్శి లేడు. కార్యదర్శిని ఎన్నుకోవడానికి సమావేశం పెట్టాలంటే నోటీసు ఇవ్వడానికి కార్యదర్శి లేడు. వారపత్రికలు వచ్చినవి వచ్చినట్టు చాయ్ హోటల్లో పకోడీల కింద చేరాయి. అయిదు నెలలు నేను పుస్తకం ముట్టలేదు. ఇంట్లో చదవడానికి చోటు లేదు, మనసు కూడా లేదు. సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ ఆ తాళం వైపు చూడకుండా ఉండటానికి వెనక వీధి నుంచి తిరిగి వచ్చేవాణ్ణి. ఎవరితోనూ రాణి ఈగ గురించి మాట్లాడలేదు. హోటల్లో నిండు ఏడు రోజులు అనేది ఒక తమాషా మాటగా మిగిలింది. అప్పు అడిగినవాడికి, చాయ్ ఆలస్యమైనవాడికి అదే చెప్పేవాళ్లు.

తర్వాత సావుకారికి గోధుమరంగు కవరు వచ్చింది. సంఘం కార్యవర్గం జాబితా కార్యదర్శి సంతకంతో వెంటనే పంపాలని రిజిస్ట్రారు ఆఫీసు అడిగింది. ఏటా పంపే జాబితాయే, ఏటా నేనే పంపేవాణ్ణి. ఆయనకు ఆ సంగతి తెలియదు. కవరు పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాడు. సారు నా దగ్గరికి వచ్చాడు. ఎట్లాగైనా ఒక నోటీసు రాసి పెట్టమన్నాడు. కార్యదర్శి లేనప్పుడు ఉపాధ్యక్షుడి పేరుతో ఇవ్వవచ్చని ఒక నియమం ఉంది. అయిదు నెలలుగా నాకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఎవరూ అడగకముందే నేను చెప్పనిది ఆ ఒక్కసారే.

రాశాను. సారు వాకిట్లో కూర్చుని ఆయన పేరు మీదనే రాశాను. ఎర్ర సిరా సంగతికి క్షమించమన్నాను. ఆయన, విషయం స్పష్టంగా లేదన్న మొదటి తప్పు మాత్రం నువ్వు సరిగా పట్టావు అని నవ్వాడు. సావుకారి ఒక్కటే షరతు పంపించాడు. ఎవరైనా కావచ్చు, నేను మాత్రం కార్యదర్శిని కాకూడదు. ఒప్పుకున్నాను. సారును ఎన్నుకున్నారు. మరునాడు సాయంత్రం అయిదు గంటలకు ఆయన మా షెడ్డు దగ్గరికి వచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టాడు. తన కళ్లకు శుక్లాలు వచ్చాయని, సాయంత్రం బయటికి రాలేనని, రోజూ తెరిచి మూసే పని నన్ను చూడమని అన్నాడు. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ గది తెరిచింది నేనే. నా పేరు ఏ జాబితాలోనూ లేదు. పదవి లేనివాణ్ణి తీసేయడానికి నియమావళిలో నియమం లేదు, నేను మళ్లీ చదివి చూసుకున్నాను. సావుకారికి నేను అక్కడ ఉన్నట్టు తెలుసు. ఆయన చూడనట్టు పోయేవాడు. విడిది మాత్రం ఆగలేదు. దాని మీద నేను గెలవలేదు. పెండ్లిండ్ల కాలం వస్తే ముందురోజే మూడో బీరువా పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి సారు ఇంట్లో పెట్టేవాణ్ణి, మిగతా రెండు బీరువాలకు తాళాలు వేసేవాణ్ణి. సాయంత్రం షెడ్డు నుంచి నేరుగా వచ్చి, మగపెండ్లివారి చెప్పుల పక్కన అరుగు మీద కూర్చుని చదువుకునేవాణ్ణి.

ఒకసారి గోదావరి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, సగం మరాఠీ కలిసిన మాటతో, ఇక్కడ నువ్వు ఎవరు, ఆడపెండ్లివారి తరఫా అని అడిగాడు. కాదన్నాను. మరి కాపలావాడివా అన్నాడు. అదీ కాదన్నాను. ఆయన కాసేపు నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. లోపలికి పోయి, ఒక పూరీ, కొంచెం కూర ఆకులో పెట్టి తెచ్చి ఇచ్చాడు. నేను చేతులు కడుక్కుని తిన్నాను. పేజీకి నూనె అంటకుండా పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాను.